వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనాలంటే: చేప పేరు ఇంట్లో తేల్చుకుని వెళ్లకండి

వైజాగ్‌లో ఉంటూ కూడా చేపలు యాప్‌లో ఆర్డర్ పెట్టుకునేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే బోలెడుమంది. ఆఫీసు, పిల్లల స్కూలు, తెల్లారగట్ల లేవలేకపోవడం, అన్నీ నాకూ అర్థమవుతాయి. అయినా సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ప్లాస్టిక్ ట్రేలో వచ్చే నాలుగు ముక్కలతో సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. అందుకే హార్బర్‌లో కొనడం గురించీ, కొన్నాక ఇంట్లో వండుకోవడం గురించీ కలిపి రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందు చెప్తాను. ఏ చేప కొనాలో ఇంట్లో తేల్చుకుని వెళ్లకండి. "ఇవాళ వంజరం ఫ్రై" అని అనుకుని వెళ్తే, ఆ రోజు వంజరం బాగున్నా బాగోకపోయినా, ధర ఎంతున్నా అదే కొనుక్కుని వచ్చేస్తాం. పక్క తట్టలో రాత్రి వేటలో పడ్డ గులివిందలు తళతళలాడుతూ ఉన్నా కంటికి ఆనవు. ఆ రోజు ఏది బాగుందో అది కొని, దానికి తగ్గ వంట చేసుకోవాలి. హార్బర్‌కి పొద్దున్నే లేచి వెళ్లేది దీనికోసమే, లేకపోతే వీధి చివర కొట్టు చాలు.

ఎక్కడుందో తెలియనివాళ్లకి: బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ వైపు, పాతనగరాన్ని ఆనుకుని ఉంటుంది. తెల్లవారుజామున బోట్ల నుంచి సరుకు దింపడం, జెట్టీ మీదే వేలం, వేలంలో తట్టల లెక్కన కొన్న ఆడవాళ్లు అక్కడే కూర్చుని చిల్లరగా అమ్మడం, ఇంకొందరు గంపలకెత్తుకుని ఆటోల్లో కాలనీలకి బయల్దేరడం, అంతా ఏకకాలంలో నడుస్తూ ఉంటుంది. వేలంలో మనలాంటి ఇంటివాళ్లకి పని లేదు, అక్కడ తట్టలు తట్టలుగా పోతాయి. వేలం అయ్యాక చిల్లరగా పెట్టేటప్పటికి, అంటే ఆరు, ఏడు గంటల మధ్య అక్కడ ఉంటే చాలు. తొమ్మిది దాటాక వెళ్తే ఎండ పడ్డ సరుకు, ఏరగా మిగిలిన సరుకు ఉంటుంది.

ఇక చాలామందికి తెలియని సంగతి. హార్బర్‌లో కొన్నాం కాబట్టి రాత్రి పట్టిన చేపే అనుకోవడం సరికాదు. పెద్ద మరబోట్లు ఒకసారి వేటకి వెళ్తే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి, పది పదిహేను రోజులు తిరిగి వచ్చేవీ ఉన్నాయి. మొదటిరోజు పడ్డ చేప అన్నాళ్లూ బోటు అడుగున ఐసులో ఉంటుంది. సరిగా ఐసు వేస్తే అది చెడిపోయిన చేపేమీ కాదు, తినొచ్చు, బాగానే ఉంటుంది. కానీ రాత్రి వెళ్లి తెల్లారేసరికి తిరిగొచ్చే చిన్న ఫైబర్ బోట్ల చేపకీ దానికీ రుచిలో తేడా నోటికి తెలుస్తుంది. కాబట్టి అమ్మే ఆమెని నేరుగా అడగండి, "ఇది పెద్ద బోటుదా, చిన్న బోటుదా అమ్మా" అని. అడిగితే దాచకుండా చెప్పేవాళ్లే ఎక్కువ. కాస్త తెలిసిన మనిషి అని వాళ్లకీ అర్థమవుతుంది, ఆ పైన బేరం తీరే మారిపోతుంది. చిన్న బోట్ల సరుకే కావాలనుకుంటే లాసన్స్ బే దగ్గర పెదజాలరిపేట, ఇంకా పైకి మంగమారిపేట, భీమిలి ఒడ్డున కూడా దొరుకుతుంది, కాకపోతే అక్కడ రకాలు తక్కువ, ఏ పూట ఏం పడితే అదే.

నేను ఎప్పుడూ కొనే ఒకామె ఉంది, నీలం గొడుగు కింద కూర్చుంటుంది. మొన్న నేను పక్కామె దగ్గర కోనాం (వంజరాన్నే ఇక్కడ అలా అంటారు) ధర అడుగుతుంటే పిలిచింది. "ఏటి అమ్మా, రోజూ కోనామేనా? ఇయాల గులివింద సూడు, రాత్రి ఏటది" అని ఒక చేప చేతిలోకి తీసుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది. లోపల ముదురు ఎరుపు, జిగట లేదు, చెడు వాసన లేదు, సముద్రపు నీటి వాసన మాత్రమే. ఒంటి మీద గులాబీ రంగు, పక్కన పసుపు చార ఇంకా మాసిపోలేదు. తలకాయ దగ్గర పట్టుకుని అడ్డంగా నిలబెడితే తోక వాలిపోకుండా బిగుసుకుని ఉంది. కిలో కాదు, వాటా లెక్కన ఇచ్చింది, కోనాం కిలో ధరలో మూడో వంతు కూడా కాలేదు. మధ్యాహ్నం వేపుడు చేస్తే మా అబ్బాయి ముల్లు తీసుకోవడానికి బద్ధకించేవాడు కాస్తా ప్లేటు ఖాళీ చేసి మళ్లీ అడిగాడు.

వంజరం, చందువ, పండుగప్ప, ఈ మూడింటికే హోటళ్ల గిరాకీ, ఎగుమతి గిరాకీ, పెళ్లిళ్ల గిరాకీ అన్నీ ఉంటాయి, అందుకే వాటి ధర ఎప్పుడూ పైనే. ముల్లు తక్కువ, ముక్క అందంగా వస్తుంది, కాదనను. కానీ రుచికి కానాగంతలు ఏం తక్కువ? కవళ్లు ఏం తక్కువ? పులుసులో కవళ్లు వేస్తే నూనె దిగి ఆ పులుసుకొచ్చే కమ్మదనం చందువతో రాదు, ఇది నా గట్టి నమ్మకం. నెత్తళ్లు, పారలు, చిన్న గులివిందలు, సూర, ఇవన్నీ మధ్యతరగతి ఇంట్లో వారానికి రెండుసార్లు తినగలిగే చేపలు. ఒమేగా-3 కొవ్వు కోసం మాత్రలు కొనుక్కునేవాళ్లు కవళ్లూ కానాగంతలూ వండుకుంటే అదే కొవ్వు కూరలోనే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఈ చేపలకి తప్పనిసరి. కానాగంతలు, కవళ్లు, సూర, ఈ జాతులు ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటి కండలో హిస్టమైన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా, ఎంత వేయించినా పోదు. తిన్న కాసేపటికే ఒళ్లంతా ఎర్రబడి దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి. "చేపలు నాకు పడవు" అనుకునేవాళ్లలో కొందరికి నిజానికి పడనిది చేప కాదు, ఎండలో మగ్గిన చేప. అందుకని ఐసు మీద లేని కానాగంతలు ఎంత చవకైనా వదిలేయండి. మీరు కూడా ఇంటి నుంచి థర్మోకోల్ పెట్టె తీసుకెళ్లండి, హార్బర్‌లోనే ఐసు దొరుకుతుంది, చేప బరువుకి సమానంగా ఐసు వేసుకుని తెచ్చుకోండి. మే నెలలో బండి డిక్కీలో ప్లాస్టిక్ కవరు పెట్టి మధురవాడ దాకా రావడమంటే అంత మంచి చేపనీ దారిలో పాడుచేసుకోవడమే.

తాజాదనం చూడటానికి మొప్పలొక్కటే నమ్మకండి. కళ్లు పైకి ఉబ్బి నల్లగా మెరవాలి, లోపలికి పోయి తెల్లబడితే వద్దు. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి రావాలి. పొట్ట మెత్తబడి పగిలినట్టుంటే తీసుకోవద్దు. రొయ్యలకైతే తలకాయ ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి, తలా కాళ్లూ నల్లబడుతుంటే పట్టి చాలాసేపయిందని గుర్తు. పీతలు కొనేటప్పుడు సైజు చూసి మురిసిపోకుండా చేతిలోకి తీసుకుని బరువు చూడండి, పెద్దగా ఉండి తేలిగ్గా ఉంటే లోపల కండ లేదని అర్థం. పొట్ట కింద మూత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా కోసుగా ఉంటే మగది.

రొయ్యల దగ్గర ఇంకో మాట. సముద్రపు రొయ్య, చెరువు రొయ్య రెండూ పక్కపక్కనే ఉంటాయి. 2009లో మన దేశంలో వనామి అనే చెరువు రొయ్య సాగుకి అనుమతి వచ్చాక మార్కెట్టంతా అదే నిండిపోయింది, సాగులో మన రాష్ట్రమే ముందుంది. ఒకే సైజులో, ఒకే రంగులో వరసగా పేర్చినట్టున్నవి చాలావరకు వనామి. సముద్రపు తట్టలో చిన్నా పెద్దా కలిసి, మధ్యలో ఒకటో అరో పీతపిల్ల, చేపపిల్ల కూడా ఉంటాయి. వనామి చెడ్డదని కాదు, బిర్యానీకి అదే సుఖం. కానీ మామిడికాయ వేసి వండే ఇగురుకి సముద్రపు రొయ్యే వేయండి, తీపి వేరు. తలతో కిలో కొంటే ఒలిచాక సుమారు సగమే చేతికొస్తుందని లెక్క వేసుకుని కొనండి.

శుభ్రం చేయించడం గురించి తప్పకుండా రాయాలి, ఎందుకంటే నా నాలుగు మార్కుల్లో ఒకటి అచ్చంగా దానిదే. కత్తిపీటల ముందు వరసగా కూర్చునే ఆడవాళ్ల పనితనం దగ్గరుండి చూడాల్సిందే. తోక వైపు నుంచి పొలుసు ఎగదీసి, రెక్కలు కోసి, పొట్ట చీల్చి, పిత్తం పగలకుండా పేగులు లాగేసి, పులుసుకైతే ఒక మందం, వేపుడుకైతే ఇంకో మందం ముక్క కొడతారు, అదీ మీరు చెప్పడం పూర్తయ్యేలోపు. పిత్తం పగిలితే కూరంతా చేదెక్కుతుంది, వాళ్ల చేతిలో నాకెప్పుడూ అలా కాలేదు. ముందే చెప్పి తలకాయ, చేప గుడ్లు ఉంటే అవీ విడిగా కవర్లో వేయించుకోండి. డబ్బులు కిలో లెక్కన తీసుకుంటారు, చిన్న చేపలకి కాస్త ఎక్కువ, అది న్యాయమే, నెత్తళ్ల తలలు తుంచడం ఎంత పనో ఇంట్లో ఒకసారి కూర్చుంటే తెలుస్తుంది. బేరం కూడా ఒక హద్దులో ఆడండి. 2023 నవంబరులో ఇక్కడే జరిగిన అగ్నిప్రమాదంలో నలభై దాకా బోట్లు కాలిపోయాయి, కొన్ని కుటుంబాల జీవనాధారం ఒక్క రాత్రిలో పోయింది. అలాంటి చోట పది రూపాయల కోసం తట్ట ముందు పావుగంట నిలబడాలని నాకనిపించదు.

ఇప్పుడు తగ్గించిన ఒక్క మార్కు సంగతి. నేల ఎప్పుడూ తడి, జారుతుంది, మంచి చెప్పులు వేసుకెళ్లకండి, వయసైనవాళ్లని తీసుకెళ్తే చెయ్యి పట్టుకునే నడిపించాలి. ఆదివారం బండి పెట్టుకోవడానికి చోటు వెతకడంలోనే సగం ఓపిక అయిపోతుంది. ధరల బోర్డు అంటూ ఉండదు, కొత్తవాళ్లకి ఎక్కువ చెప్పడం ఉంటుంది, అందుకని కొనేముందు ముగ్గురు నలుగురి దగ్గర అడుగుతూ ఒక చుట్టు తిరగండి. వాటా లెక్కన కొన్నా సరే, ఎలక్ట్రానిక్ కాటా ఉన్నవాళ్ల దగ్గర ఒకసారి తూకం వేయించుకోండి. 2022 నవంబరులో సుమారు 150 కోట్ల రూపాయలతో హార్బర్ ఆధునికీకరణకి శంకుస్థాపన జరిగింది, రోజుకి 150 టన్నుల సామర్థ్యాన్ని 300 టన్నులకి పెంచడం లక్ష్యమని అప్పుడు చెప్పారు. ఆ పనుల్లో చిల్లరగా అమ్మే ఆడవాళ్లకి నీడ, నీళ్లు, ఎత్తైన అరుగులు కూడా గట్టిగా అమరితే నేను ఆ ఒక్క మార్కు సంతోషంగా కలిపేస్తాను.

యాప్‌లతో పోలిస్తే ఏమిటని అడుగుతారు కదా. సౌకర్యం వాటిదే, ఒప్పుకుంటాను. వానాకాలంలో నేనూ ఒక యాప్‌లో వంజరం ముక్కలు తెప్పించాను. పేరు రాయను. ప్యాకింగ్ బాగుంది, ఐసు ప్యాకులు ఉన్నాయి, కానీ ముక్క వేలితో తాకితే విడిపోయేంత మెత్తగా ఉంది. ఫోన్ చేస్తే డబ్బు వెనక్కిచ్చారు, మధ్యాహ్నం భోజనం మాత్రం పప్పుతోనే అయింది. ముక్కలుగా వచ్చిన చేపకి కన్ను చూడలేం, మొప్ప చూడలేం, పొట్ట నొక్కలేం. నా ఇబ్బందల్లా అక్కడే. ధర పోల్చేటప్పుడు కూడా, వాళ్లది శుభ్రం చేశాక ఉన్న బరువు, హార్బర్‌ది నిండు చేప బరువు అని గుర్తుంచుకోండి. నిండు చేప కిలో కొంటే ముక్కలు ఆరేడు వందల గ్రాములు వస్తాయి. అలా లెక్క కట్టి చూసినా హార్బరే చవక, చిన్న చేపల్లో అయితే చాలా చవక.

ఇంటికొచ్చాక నీచు వాసన టెన్షన్ వద్దు. సముద్రపు చేపల్లో ఆ వాసనకి కారణం ట్రైమిథైలమైన్ అనే పదార్థం, చేప పాతబడే కొద్దీ అది పెరుగుతుంది, పులుపు తగిలితే అణుగుతుంది. మన పెద్దవాళ్లు రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్ది నిమ్మరసమో మజ్జిగో పోసి కడగడం, పులుసులో చింతపండు వేయడం అన్నీ దీనికే పనికొస్తాయి. అలాగని గంటసేపు నిమ్మరసంలో ఉంచకండి, ముక్క పైన తెల్లబడి గట్టిపడుతుంది. ఐదు నిమిషాలు చాలు, ఆపైన చల్లటి నీళ్లతో కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చేయండి.

పులుసు మా అత్తయ్యగారి పద్ధతి రాస్తున్నాను, ఆవిడది భీమిలి దగ్గర ఊరు, ఇంతకంటే మంచి పులుసు నేను తినలేదు. కిలో చేపకి పెద్ద నిమ్మకాయంత చింతపండు. వెడల్పాటి మట్టి దాకలో నువ్వుల నూనె కాస్త ధారాళంగానే పోసి, మెంతులు నాలుగు గింజలు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, తరవాత ఉల్లిపాయ ముద్ద వేసి పచ్చివాసన పోయి నూనె విడిచేదాకా సన్నటి మంట మీద వేయించాలి. ఇక్కడ తొందరపడితే పులుసు నీళ్లనీళ్లగా, విడివిడిగా ఉండిపోతుంది. పసుపు, కారం, ఉప్పు, ఆపైన చింతపండు రసం పోసి, ముక్కలు వేయకుండానే బాగా మరగనిచ్చి, నూనె పైకి తేలాక అప్పుడు ముక్కలు ఒక్కొక్కటే జారవిడవాలి. ఇక గరిటె పెట్టకూడదు. దాక అంచుల్ని గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పడమే. పదినిమిషాల్లో చేప ఉడుకుతుంది, దించేముందు వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి పొడి. బెండకాయలు వేసేవాళ్లు ముక్కల కంటే ముందు వేసుకోండి. పొద్దున వండి రాత్రికి తింటే ముక్కకి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది, రాత్రికే తినేటట్టయితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

వేపుడుకి ఇనుప పెనం, తడి లేని ముక్క, నూనె బాగా కాగాక వేయడం, ఒకవైపు పూర్తిగా వేగేదాకా కదపకపోవడం, ఇంతే. కానాగంతలకైతే రెండువైపులా గాట్లు పెట్టి మసాలా లోపలికి దట్టించండి. రొయ్యలు ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగుతాయి, అరచక్రంలా వంగి రంగు మారగానే తీసేయాలి, పూర్తిగా చుట్టుకుపోయాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వీపు మీద నల్ల నరం తీయడం మరిచిపోకండి. ఒలిచిన తలలు పారేయకుండా నూనెలో వేయించి నీళ్లు పోసి మరిగించి వడకట్టుకుంటే, ఆ నీళ్లతో రొయ్యల పులావు చేసుకోవచ్చు. మార్చిలో పచ్చి మామిడి దిగగానే నెత్తళ్లలో వేసి చేసే కూర మాత్రం ఈ ఊళ్లో ఉన్నవాళ్లు తప్పించుకోకూడదు.

మిగిలితే ముక్కల్ని తుడిచి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒకరోజు, అంతకంటే ఎక్కువ ఉంచాలంటే ఫ్రీజర్‌లోనే. రొయ్యల్ని డబ్బాలో వేసి మునిగేలా నీళ్లు పోసి గడ్డకట్టిస్తే ఎండిపోవు. బయట తీసి కరిగించకండి, ముందు రాత్రి కింది అరలోకి మార్చుకోండి.

ఎప్పుడు వెళ్లాలంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో 61 రోజుల వేట నిషేధం. మరబోట్లూ మోటారు బోట్లూ కదలవు. ఆ రోజుల్లో "సముద్రపు తాజా చేప" అని ఎవరైనా పెద్ద పెద్ద వంజరాలు చూపిస్తే ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి. కోల్డ్ స్టోరేజీవి కావచ్చు, పశ్చిమ తీరం నుంచి లారీల్లో వచ్చినవి కావచ్చు, అక్కడ నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. గుడ్లు పెట్టే కాలంలో చేపని వదిలేయడానికే ఈ నిషేధం కాబట్టి నేనైతే ఆ రెండు నెలలూ ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు వంకాయలో వేసుకుని గడిపేస్తాను, అవి కూడా ముందే హార్బర్‌లో కొని పెట్టుకుంటాను. నిషేధం ఎత్తేశాక మొదటి వారం అందరూ ఎగబడతారు, కాస్త ఆగి వెళ్లండి. ఆదివారం కంటే మంగళ, బుధవారాలు నయం, రద్దీ తక్కువ, అమ్మేవాళ్లకి మాట్లాడే తీరికా ఉంటుంది. ఇంట్లో నియమాలు లేనివాళ్లకైతే కార్తీకమాసం చాలా మంచి సమయం, సగం ఊరు నీచు మానేస్తుంది కాబట్టి చందువలు కూడా మనకి అందే ధరకి దిగుతాయి.